ఒక్క రాత్రైనా

హాల్లో కర్టెన్లు విప్పడానికి స్టూలెక్కి నిలబడి ఉండగా చెల్లి ఉండే హోము నుంచి వార్డెన్ ఫోన్ చేసింది. డిసెంబరు మొదటి ఆదివారం. చర్చి నుంచి వచ్చి బట్టలు కూడా మార్చుకోలేదు. అత్తయ్య కింద కుర్చీలో కూర్చుని, నేను అందిస్తున్న కొక్కేలని గిన్నెలో వేసుకుంటూ, "ఆ మూల బూజు చూడు. కిందటేడు కూడా అక్కడే ఉంది" అంటోంది. ఫోన్ మీద పేరు చూసి స్టూలు దిగాను. "ఎవరు?" అంది అత్తయ్య. "షాపు నుంచి" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది అబద్ధమని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాక గానీ నాకే తట్టలేదు.

"ఏమ్మా, సెలవుల కాగితం ఇంకా పంపలేదు. ఈసారైనా చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్తున్నారా?"

"ఈసారి కూడా కుదిరేలా లేదండీ. ఇంటి నిండా చుట్టాలు. జనవరిలో వస్తాను."

"నిరుడు కూడా జనవరి అనే అన్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది. "ఒక మాట చెప్పాలమ్మా. పైనుంచి కొత్త రూలు వచ్చింది. మూడేళ్ళలో ఒక్క రాత్రైనా ఇంటివాళ్ళతో గడపనివాళ్ళని అయినవాళ్ళు లేనివాళ్ళ కింద రాసుకోమన్నారు. వాళ్ళని పెద్ద హోముకి పంపించేస్తారు. ఇక్కడ మంచాలు చాలడం లేదు. అది రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. మీ చెల్లికి ఈ డిసెంబరుతో మూడేళ్ళు నిండుతాయి."

"నేను వస్తూనే ఉన్నాను కదండీ."

"వస్తున్నారు. గంట కూర్చుని, బిస్కెట్లు ఇచ్చి వెళ్తున్నారు. దాన్ని చూడ్డానికి రావడం అంటారట. రూలు నేను పెట్టింది కాదు."

లోపలికొచ్చి మళ్ళీ స్టూలెక్కాను. "ఆదివారం కూడా వదలరా షాపువాళ్ళు?" అంది అత్తయ్య జాలిగా. ఊఁ కొట్టి, మూల ఉన్న బూజు దులిపాను. అది వచ్చి నా మొహం మీదే పడింది.

మా చెల్లిని మా నాన్న పిచ్చుక అనేవాడు. నెలలు నిండకుండా పుట్టింది. నడక ఆలస్యం, మాట ఆలస్యం. నడక వచ్చాక కూడా ఒక కాలు కాస్త ఎత్తి ఎత్తి వేసేది. చూసినవాళ్ళు అయ్యో అనకముందే నాన్న, "మా పిచ్చుక గెంతుతోంది చూశారా" అని నవ్వేవాడు. అలా ఇంటిల్లిపాదికీ ఆ పేరే అలవాటయింది. లెక్కలు రావు, చదువు అబ్బలేదు. కానీ ఇంట్లో ఏ వస్తువు ఏ అరలో ఉందో దానికి తెలిసినంతగా మా అమ్మకి కూడా తెలిసేది కాదు. నాకు పెళ్ళయ్యాక మొదటిసారి ఆ పేరు విన్న రోజున అత్తయ్య నవ్వి, "పేర్లోనే ఉందిగా పిచ్చి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొత్తకోడలిని, నవ్వకపోతే ఏమనుకుంటారో అని నవ్వాను. ఆ తర్వాత ఎన్నోసార్లు ఎన్నింటికో అలాగే నవ్వాను గానీ, ఆ మొదటి నవ్వు మాత్రం ఇప్పటికీ ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

నాన్న పోయాక అమ్మే చూసుకుంది. అమ్మ పోయి ఐదేళ్ళు. పోయేముందు అమ్మ నన్నేమీ అడగలేదు. చెల్లిని చూసుకోమని గానీ, మాటివ్వమని గానీ ఏమీ అనలేదు. అడగక్కర్లేదనుకుంది. అడిగి ఉంటే, పోనీ ఏదో ఒక సాకు చెప్పి ఉండేదాన్ని. చెల్లిని హోములో చేర్చాం. "మంచి హోము. నువ్వు కూడా అంత బాగా చూసుకోలేవు" అన్నారు మా ఆయన. నిజమే. ఆయన అనే మాటలన్నీ నిజాలే. అందుకే ఎదురు చెప్పడం కష్టం.

మూడేళ్ళ కింద క్రిస్మస్‌కి పిచ్చుక మా ఇంటికి వచ్చింది. ఆ సంగతి చెప్పకుండా దాటేద్దామని ఉంది గానీ, దాటేస్తే ఇక ఈ కథ చెప్పి లాభం లేదు.

మా ఆడపడుచు, ఆవిడ భర్త, ముగ్గురు పిల్లలు, ఇంకా అటూ ఇటూ వాళ్ళు కలిపి పదమూడు మందిమి బల్ల చుట్టూ నిలబడ్డాం. భోజనానికి ముందు అత్తయ్య ప్రార్థన మొదలుపెట్టింది. అత్తయ్య ప్రార్థనలో చుట్టాలందరి పేర్లూ, వాళ్ళ ఉద్యోగాలూ, మోకాళ్ళ నొప్పులూ అన్నీ వస్తాయి. పిచ్చుకకి ఆకలేస్తోంది. అత్తయ్య ఊపిరి తీసుకోవడానికి ఆగగానే "ఆమెన్" అని గట్టిగా అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. అత్తయ్య మళ్ళీ అందుకుంది. మళ్ళీ ఆగింది. మళ్ళీ "ఆమెన్". మూడోసారికి మా ఆడపడుచు భర్త కూడా భుజాలు ఎగరేసి నవ్వుతున్నాడు. నవ్వుతున్నారు కదా, తప్పేమీ లేదనుకుని పిచ్చుక చెయ్యి చాపి గాజుగిన్నె అందుకుంది. గిన్నె జారింది. అత్తయ్య పెళ్ళినాటి సెట్టు. కూర, గాజుపెంకులు, అన్నీ కలిసి నేల మీద.

అత్తయ్య నా వైపు చూసింది, అంతే. నేను పిచ్చుక చెంప మీద కొట్టాను.

ఎందుకు కొట్టానో నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. గిన్నె పగిలినందుకు కాదు. నేను దాని మనిషిని కాను, మీ మనిషిని అని ఆ పదిమందికీ చూపించుకోవడానికి కొట్టాను. పిచ్చుక ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని, మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది. "పోనీలే, పాపం బుద్ధి తెలీని పిల్ల" అంది అత్తయ్య. ఎంతో పెద్దమనసు. చుట్టాలు వెళ్ళిపోయాక మా ఆయన నా భుజం తట్టి, "మంచి పని చేశావు. లేకపోతే అమ్మ నొచ్చుకునేది" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో అదొకటి. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మర్నాడు జడ వేస్తుంటే అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగింది. "నన్నెప్పుడూ కొట్టలేదు కదమ్మా నువ్వు. పిన్నినెందుకు కొట్టావు?" తల కదపకు అన్నాను.

ఆ తర్వాత రెండేళ్ళూ హోము నుంచి కాగితం రాగానే 'కుదరదు' దగ్గర గీత గీసి పంపించేశాను. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. మా ఇంట్లో ఎవరూ దేన్నీ వద్దనరు. వద్దనాల్సిన అవసరం వాళ్ళకి రాకుండా నేనే చూసుకుంటాను.

నేను బట్టల షాపులో పనిచేస్తాను. అమ్మేచోట కాదు, మెట్ల కింద ఉన్న చిన్న గదిలో. కొన్న బట్టలు ఒంటికి సరిపోకపోతే సరిచేసి ఇవ్వడం మా పని. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నేనూ, నాకన్నా పదేళ్ళు పెద్ద అయిన ఇంకొకావిడ. ఆవిడ కత్తెర మెడలో దారానికి వేలాడుతూ ఉంటుంది కాబట్టి అందరూ కత్తెరమ్మ అంటారు. డిసెంబరు వచ్చిందంటే మాకు తల ఎత్తే తీరిక ఉండదు. గౌన్లు, కోట్లు, ప్యాంట్లు గుట్టలు గుట్టలుగా వచ్చి పడుతూ ఉంటాయి. "ఇది నిన్ననే వదులుగా ఉంది, ఇవాళ బిగుతుగా ఉందేంటి?" అని మా మీద విసురుతారు, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య వాళ్ళు తిన్నదానికి మేం బాధ్యులమైనట్టు. "మీ ఆవిడకి మిషన్ పని వచ్చా? అయితే హాయి, ఇంట్లో బట్టలన్నీ ఫ్రీ" అంటారు మా ఆయన స్నేహితులు. ఆయన నవ్వుతూ, "ఏదో కాలక్షేపానికి వెళ్తుంది" అంటారు. పన్నెండేళ్ళుగా చేస్తున్న కాలక్షేపం అది.

ఏటా డిసెంబరులో పిచ్చుకకి ఒక గౌను కుట్టి పార్సిల్ పంపేదాన్ని. ఈ ఏడు గుడ్డ కత్తిరించబోతుంటే కత్తెరమ్మ, "కొలతలేవీ?" అంది.

"నా చెల్లే. నాకు తెలుసు" అన్నాను.

"ఎప్పటివి తెలుసు?"

ఊళ్ళో ఎవరి నడుమెంతో, ఎవరి భుజమెంతో కంటిచూపుతో చెప్పేస్తాను. మా చెల్లి కొలత, అమ్మ బతికుండగా టేపు పెట్టి తీసిందే. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా అది స్వెటర్ వేసుకుని బల్ల అవతల కూర్చుని ఉండేది. నేను గడియారం చూసుకుంటూ ఇవతల. పాత కొలతకే కత్తిరించాను. వేరే కొలత నా దగ్గర లేదు.

ఆ వారమే చర్చిలో ఆడవాళ్ళ కూడిక. పాస్టరు గారి భార్య అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, "ఈ క్రిస్మస్ రోజుల్లో మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటో రాయండి. పేరు రాయక్కర్లేదు" అంది. ఆవిడ ఒక్కొక్కటే చదువుతోంది. కుటుంబం. కుటుంబం. దేవుడు, కుటుంబం. కుటుంబం. నాదీ చదివింది. నేనూ అదే రాశాను, పక్కావిడ చీటీ చూసి కాదు, నా అంతట నేనే రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడుతూనే ఆలోచించాను. ఆ మాట రాస్తున్నప్పుడు నా కళ్ళ ముందుకొచ్చింది పదమూడు కంచాలు. ఆడపడుచుకి కారం తక్కువ కూర. ఆవిడ పెద్ద కొడుకు పడుకునే పరుపు. ఆరేయాల్సిన దుప్పట్లు. మా అమ్మాయి మొహం కూడా వెంటనే రాలేదు. పిచ్చుకైతే అసలు రానే లేదు. టీ ఇస్తున్నారు, తాగకుండా వచ్చేశాను.

మా ఆయనకి చెప్పాను. ఆయన షూస్‌కి పాలిష్ వేసుకుంటున్నారు.

"చెల్లిని ఈ పండక్కి తీసుకొద్దామనుకుంటున్నాను."

"ఇప్పుడా? ఇంతమందిలోనా? జనవరిలో తెచ్చుకో, ప్రశాంతంగా ఉంటుంది."

"జనవరిలో అయితే లాభం లేదండీ." రూలు సంగతి చెప్పాను.

ఆయన బ్రష్ ఆపి విన్నారు. నిజంగానే విన్నారు. "అరెరె" అన్నారు. తర్వాత రెండో షూ అందుకుని, "నేను వద్దంటున్నానా? నాకేం అభ్యంతరం లేదు. అమ్మకి మాత్రం నువ్వే చెప్పు" అన్నారు.

అత్తయ్యకి చెప్పాను. "తెచ్చుకోమ్మా, నాకేం? నీ ఇల్లు కాదా? మీ వదినావాళ్ళు ఏ గదిలో పడుకుంటారో అదే ఆలోచిస్తున్నాను. పిల్లలు జడుసుకోకుండా ఉంటే చాలు. నాకేం, నేను చాప మీద పడుకుంటాను. నా నడుము సంగతి ఎవరిక్కావాలి?" అంది. ఇందులో వద్దన్న మాట ఎక్కడైనా ఉందా? వెతికినా దొరకదు. అలాంటి మాటలకి జవాబుగా నేనేం చేశానంటే, ఇంకో రెండు గదులు కడిగాను. ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి తుడిచాను. ఎవరూ అడగకుండానే వెండి సామాను తోమాను. చెల్లి వచ్చి తినబోయే రెండు పూటల తిండికి ముందుగానే చాకిరీ చేసి పెడుతున్నట్టు. అలా చేస్తున్నానని తెలుస్తూనే ఉంది. చేతులు ఆగలేదు.

షాపులో ఇరవై నాలుగున సెలవడిగాను. మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. "పండగ ముందురోజా? నీకొక్కదానికేనా పండగ?" అన్నాడు. కత్తెరమ్మ మిషన్ మీంచి తల ఎత్తకుండా, "ఆవిడ పని నేను చేస్తాను, ఇచ్చెయ్యండి" అంది. అతను వెళ్ళిపోయాక నేను, "నీకెందుకమ్మా అంత కష్టం, నీ మనవలు వస్తున్నారుగా" అంటే, "వస్తారు. వచ్చి నన్ను చూడ్డానికా, నా వంటని చూడ్డానికా?" అని దారం పళ్ళతో కొరికింది.

ఇరవై రెండున ఆడపడుచు వాళ్ళు దిగారు. ఇరవై నాలుగు పొద్దున్న నాలుగింటికే లేచి మాంసం కడిగి మసాలా పట్టించి పెట్టాను, కూరగాయలు తరిగి డబ్బాల్లో సర్దాను. గౌను సంచిలో పెట్టుకుని తొమ్మిదింటి బస్సెక్కాను. "నాలుక్కల్లా వచ్చెయ్యి, ఐదింటికి పాస్టరు గారు ప్రార్థనకి వస్తారు" అన్నారు మా ఆయన. ఆడపడుచు గుమ్మంలోకి వచ్చి, "ఇవాళ్టి రోజునే వెళ్ళాలా వదినా?" అంది. వయసులో పెద్దదైనా ఆవిడా నన్ను వదినా అనే పిలుస్తుంది, నేనూ ఆవిణ్ణి వదినా అనే అంటాను. మా మధ్య సమానంగా ఉన్నది అదొక్కటే. బస్సులో కూర్చున్నంతసేపూ ఇంట్లో ఏం మర్చిపోయానో అదే ఆలోచన. అన్నం ఎసరు ఎంత పెట్టాలో ఎవరికీ చెప్పలేదు. గ్యాస్ అయిపోవచ్చినట్టుంది. పదమూడు మందిని నడిసముద్రంలో వదిలేసి వచ్చినట్టు గుండె పీకింది. అదే గుండె మూడేళ్ళుగా పిచ్చుక విషయంలో ఎలా ఊరుకుందో నాకు అర్థం కాలేదు.

హోము హాల్లో పిచ్చుక కుర్చీలు వేస్తోంది. లావయింది. జుట్టు పొట్టిగా కత్తిరించారు, చెవుల దగ్గర కొంచెం నెరిసింది. ముప్ఫై నాలుగేళ్ళు. దానికి నెరిసిన జుట్టు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఒక కాలు ఎత్తి ఎత్తి వేస్తూ, కుర్చీ తెచ్చి, నేల మీద గీత చూసుకుని పెట్టి, వెనక్కి వెళ్ళి సరిగ్గా ఉందో లేదో చూసుకుంటోంది. నేను ఒక కుర్చీ అందుకోబోతే, "ముట్టుకోకు. కుర్చీలు నేనే వెయ్యాలి" అంది.

"నేనే అక్కని."

"తెలుసు. ముట్టుకోకు."

పని అయ్యేదాకా గోడకి ఆనుకుని నిలబడ్డాను. తర్వాత గౌను తీసి చూపించాను. అది చేత్తో పట్టుకుని చూసి, మడిచి నాకే ఇచ్చేసింది. "నాకు పట్టదు. నువ్వు పంపేవన్నీ నా మంచం పక్కమ్మాయి వేసుకుంటుంది. ఆ అమ్మాయి సన్నం." కుట్లు విప్పి వదులు చేద్దామని లోపల తిప్పి చూశాను. లోపల గుడ్డ వదల్లేదు. అర అంగుళం కూడా లేదు. అసలు ఎదగదన్నట్టు కుట్టాను దాన్ని.

వార్డెన్ సంచి సర్ది పెట్టింది, కాగితం సిద్ధంగా ఉంది. "పద, ఇంటికి వెళ్దాం" అన్నాను.

పిచ్చుక కదల్లేదు. "రాను."

"పండగ కదా. అందరూ ఉంటారు. పాప నీ కోసం ఎదురు చూస్తోంది."

"ఆ ఇంటికి రాను. అక్కడ కొడతారు."

"ఎవరు కొడతారే? ఎవరూ ఏమీ అనరు. అత్తయ్యగారు కూడా రమ్మన్నారు."

"ఆవిడ కాదు" అంది పిచ్చుక. "నువ్వు."

వార్డెన్ బల్ల మీద కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ నేను అత్తయ్య చూపునీ, మా ఆయన మౌనాన్నీ, ఆడపడుచు నవ్వునీ వరసపెట్టి తలుచుకుంటూ కుమిలిపోయాను. వాళ్ళ వల్లే చెల్లి నాకు దూరమైందని ఒక లోపలి కోర్టు పెట్టుకుని, రోజూ తీర్పు చెప్పుకున్నాను. వాళ్ళెవరూ పిచ్చుకకి గుర్తు లేరు. దానికి గుర్తున్నది ఒక్క మనిషే. మిగతావాళ్ళు దానికి ఎన్నడూ అయినవాళ్ళు కారు కాబట్టి వాళ్ళ మీద దానికి ఫిర్యాదు లేదు.

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఈసారి ముట్టుకోవద్దనలేదు.

"కొట్టాను. తప్పు చేశాను పిచ్చుకా."

"ఊఁ."

"బాగా నొప్పెట్టిందా?"

ఆలోచించింది. "నొప్పి పోయింది. అందరూ చూశారు" అంది.

క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అడిగితే అది సరే అంటుంది. దానికి ఆ మాట అంతకన్నా ఏమీ కాదు. నేను బస్సెక్కి తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడానికి దాని చేత సరే అనిపించడం కూడా ఒక చెంపదెబ్బే అనిపించింది.

వార్డెన్ వైపు తిరిగాను. "ఒక రాత్రి ఇంటివాళ్ళతో గడపాలి అని ఉందన్నారు కదండీ. ఎక్కడ గడపాలో ఉందా?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం మళ్ళీ చదివింది. "ఎక్కడ అని లేదు" అంది నెమ్మదిగా. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పై వరండాలో చుట్టాల గది ఉంది. దుమ్ము పట్టి ఉంటుంది."

"దుమ్ము దులపడం నాకొచ్చు" అన్నాను.

మూడింటికి మా ఆయన ఫోన్ చేశారు. "ఎక్కడిదాకా వచ్చావు?"

"రావడం లేదండీ. ఇవాళ ఇక్కడే ఉంటాను. రేపు కూడా. ఎల్లుండి పొద్దున్న బయల్దేరతాను."

"ఏంటి, జోకా?"

"కాదు."

"మరి ఇక్కడ?"

"మాంసం కలిపి పెట్టాను. పై అరలో ఉంది. అన్నానికి..." ఆగిపోయాను. ఎసరు కొలత, పొయ్యి సంగతి, పరుపులు, కారం తక్కువ కూర, అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. అన్నీ చెప్తే నేను అక్కడే ఉన్నట్టు. "వెతికితే అన్నీ దొరుకుతాయి" అన్నాను.

"పాస్టరు గారు వస్తున్నారే. అమ్మకేం చెప్పమంటావు?"

"ఆవిడకి మీరే చెప్పండి. మీ అమ్మే కదా."

ఆయన అరిచి ఉంటే బాగుండేది. "పండగ పూట ఇలా చేస్తావనుకోలేదు" అన్నారు. గొంతు చిన్నబోయింది. ఆ చిన్నబోయిన గొంతు నన్ను పట్టుకుని లాగింది. ఐదింటి బస్సుంది, ఇప్పుడు బయల్దేరినా కనీసం భోజనాల వేళకి అందుకుంటాను అని లోపల ఎవరో లెక్కలు వేస్తున్నారు. అంతలో మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. "అమ్మా, పిన్ని ఎలా ఉంది? మాట్లాడొచ్చా?" అంది. తర్వాత గుసగుసగా, "అత్త ఉల్లిపాయలు తరుగుతోంది. ఏడుస్తోంది. ఉల్లిపాయలకేలే" అంది. నవ్వు వచ్చింది. నవ్వినందుకు మళ్ళీ సిగ్గేసింది. ఫోన్ పిచ్చుకకి ఇచ్చాను. అది చెవికి ఆనించుకుని, అవతల చెప్పేదంతా విని, "ఇవాళ కుర్చీలు నలభై" అని చెప్పి ఇచ్చేసింది.

సాయంత్రం కార్యక్రమంలో పిచ్చుక నన్ను చివరి వరసలో కూర్చోబెట్టింది. "చుట్టాలు వెనక కూర్చోవాలి" అంది. ముందు వరసలన్నీ అక్కడ ఉండేవాళ్ళవి. పాటలు వచ్చినవాళ్ళు పాడారు, రానివాళ్ళు ఇంకా గట్టిగా పాడారు. చిన్న ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యేదాకా పిచ్చుక వేలు పెదవుల మీద పెట్టుకుని, తల తిప్పి అందరినీ కాపలా కాసింది. పక్కమ్మాయి మధ్యలో ఏదో అనబోతే కళ్ళురిమింది. ఎవరు నేర్పారు దానికి అంత భయం? నాకు తల ఎత్తాలనిపించలేదు.

పండగ రోజు పొద్దున్న చుట్టాల గదిలో కళ్ళు తెరిచేసరికి ఎండ వచ్చేసింది. పెళ్ళయ్యాక క్రిస్మస్ రోజున ఎండ మొహాన పడేదాకా నేను నిద్రపోవడం అదే మొదటిసారి. పక్క మంచం ఖాళీ. కంగారుగా కిందికి దిగితే, పిచ్చుక వంటింటి బయట కంచాలు తుడుస్తోంది. నేను గుడ్డ అందుకున్నాను. ఈసారి, "ఇవి నువ్వు తుడు" అని చిన్న కంచాలు నా వైపు తోసింది. అక్కడ అత్తయ్య ఈపాటికి మోకాళ్ళు పట్టుకుని వంటింట్లో నిలబడి ఉంటుంది. ఆవిడకి డెబ్బై రెండు. ఆవిడ కూడా యాభై ఏళ్ళు అలాగే నిలబడింది. నిలబడి నిలబడి, కూర్చునే వంతు ఇప్పుడే వచ్చింది. ఆ వంతు నేను లాగేసుకున్నాను. ఆవిడ మీద కోపం తెచ్చుకుంటే నాకు సుఖంగా ఉండేది. రాలేదు. కంచాలు తుడుస్తూ, ఇప్పుడు ఆవిడ ఏం చేస్తూ ఉంటుంది, ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుంది అని గంటగంటకీ అనుకుంటూనే ఉన్నాను. తప్పు చేసినట్టే ఉంది. ఇక్కడా తప్పే, అక్కడా తప్పే. ఏదో ఒక చోట తప్పు చేయక తప్పదన్నప్పుడు, ఈసారికి ఏ తప్పు చేయాలో నేను ఎంచుకున్నాను. అంతకుమించి గొప్పేమీ లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను టేపు తెచ్చిమ్మంటే పిచ్చుక వార్డెన్ దగ్గర నుంచి తెచ్చింది. నిటారుగా నిలబడి చేతులు చాపింది. భుజం, నడుము, పొడవు కొలిచి చిన్న కాగితం మీద రాసుకున్నాను. చక్కిలిగింత పెట్టినట్టు ఒకసారి మెలికలు తిరిగి నవ్వింది. చెయ్యి దాని మెడ దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం గబుక్కున తల పక్కకి తీసుకుంది. నేను చెయ్యి దించేసి, అది తల మళ్ళీ నిటారుగా పెట్టేదాకా ఆగాను. చాలాసేపే పట్టింది.

మర్నాడు పొద్దున్న వార్డెన్ కాగితం మీద నా సంతకం తీసుకుంది. గేటు దాకా పిచ్చుక వచ్చింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది.

జనవరిలో అనబోయాను. అలవాటు. మింగేశాను. "వచ్చే ఆదివారం వస్తాను."

"ఆదివారం నాకు పనుంది. దుప్పట్లు మడతపెట్టాలి. శనివారం రా."

శనివారం అంటే షాపులో ఊపిరాడని రోజు. ఇంట్లో వారానికి సరిపడా పని నా కోసం కూర్చునే రోజు. ఆ పైన ఆడపడుచు వాళ్ళు రెండో తారీకు దాకా ఉంటారు. "శనివారం అంటే మరి..." అని మొదలుపెట్టాను. పిచ్చుక నా మొహంలోకి చూస్తోంది. బతిమాలడం లేదు. నేనేం చెప్తానో దానికి ముందే తెలుసన్నట్టు, ఒక చేత్తో గేటు గడియ పట్టుకుని నిలబడి ఉంది.

"సరే. శనివారం" అన్నాను.

అది నమ్మలేదు. తల ఊపి, గడియ వేసుకుని, ఎత్తి ఎత్తి అడుగులు వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నా మాట మీద నాకూ పూర్తి నమ్మకం లేదు. బస్సు దొరికింది, సీటు దొరికింది. ఫోన్ తీస్తే ఇంటి నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చూశాను. చూసి, ముందు మేనేజరుకి చేశాను.

"నమస్తే సార్. ఇక నుంచి శనివారాలు నేను రాను" అన్నాను.